సూది దారం అందరికీ రావాలె



మన యూనిఫాం ప్యాంట్లు మన కొలతలు తీసి కుట్టినవి కావు. తరగతికో సైజు అని వస్తాయి. కానీ ఒకే తరగతిలో సన్నటోళ్లు, లావుటోళ్లు, పొడుగోళ్లు, పొట్టోళ్లు అందరం ఉంటాము. నడుము లూజు ఉన్నోళ్లు పిన్నీసు పెట్టుకొని తిరుగుతున్నారు. జారుతదని కొందరు ఖోఖోకే వస్తలేరు. ప్యాంటు వల్ల ఆట పోవడం అన్యాయం కాదా?

టైలర్ దగ్గరికి పోవాలంటే పైసలు కావాలె, పర్మిషన్ కావాలె. మిషన్ లేకుండ ఎట్ల అని కొందరు అంటారు. ఫ్రాన్స్‌లో తిమోనియే అనే దర్జీ కుట్టు మిషన్‌కు పేటెంట్ తీసుకున్నది 1830లో. అంతకు ముందు రాజుల బట్టలైనా చేత్తో కుట్టినవే. మన ప్యాంటు మనకు కాదా?

పద్ధతి కష్టం కాదు. కొత్త బట్ట ఉతికితే కొంచెం కుంచించుకుపోతది, అందుకే ముందు ఉతకాలె. తర్వాత ఉల్టా తొడుక్కొని, పక్కలకు ఎక్కువ ఉన్న బట్టను దోస్తుతో పిన్నులు పెట్టించుకోవాలె. విప్పి, సబ్బుముక్కతో గీత గీసి, కచ్చా కుట్టు వేయాలె. మళ్లీ తొడిగి, నేల మీద కూర్చొని, వంగి చూడాలె. బిగుతు లేకుంటేనే గట్టి కుట్టు వేయాలె. పొడుగు ఉంటే అంచు లోపలికి మడవాలె.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మిగిలిన బట్టను కత్తిరించొద్దు. మనం పెరిగే వయసులో ఉన్నాము. ఈ ఏడు లోపలికి కుట్టింది వచ్చే ఏడు విప్పుకోవచ్చు.

కుట్టు ఆడపిల్లల పని అంటారు. నేను ఒప్పుకోను. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మూతులు దబ్బనంతో కుట్టే మగవాళ్లు లేరా? బజార్ల ప్యాంట్లు కుట్టే టైలర్లు మగవాళ్లే కదా. పైసలొచ్చే కుట్టు వాళ్లది, ఇంట్లో ఉత్తగ కుట్టేది మనదా? సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అన్నదమ్ములకు కూడా నేర్పండి.

నా అభిప్రాయం ఏమంటే, ప్రతి రూముకు ఒక డబ్బా ఉండాలె. అందులో సూదులు, దారం, కత్తెర, టేపు పెట్టాలె. ఆదివారం ఒక గంట పెద్ద తరగతుల వాళ్లం కూర్చొని చిన్నపిల్లలకు నేర్పాలె. ఐదో తరగతి పిల్లల ప్యాంట్లు కాళ్ల కింద పడుతున్నాయి. మొదలు వాళ్లవే చేద్దాము.

యూనిఫాం కుట్టించే పెద్దలకు ఒక మనవి. అంచులో, పక్క కుట్లలో రెండు వేళ్లంత బట్ట ఎక్కువ వదిలిపెట్టించండి. మిగతాది మేము చూసుకుంటాము.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని