ఇంట్లో చెప్పులు వేసుకుంటే తప్పా?

గుమ్మం దగ్గర చెప్పులు విడవడం మనందరికీ అలవాటే. కానీ విడిచాక రోజంతా ఉత్తకాళ్లతో ఆ నేల మీద తిరిగేదెవరు? ఆయనగారు వచ్చీ రాగానే కుర్చీ చూసుకుంటారు. పిల్లలు మంచం ఎక్కుతారు. పొయ్యి దగ్గర, సింకు దగ్గర, మిక్సీ దగ్గర, బట్టలు ఆరేసే డాబా మీద నిలబడేది మనమే. నలభై దాటిన ఆడవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఎవరో ఒకరి నోట మడమ నొప్పి మాట రాకుండా ఉండదు. దానికి వినిపించే జవాబులూ మనకి కంఠతా వచ్చు. ‘‘వయసు మీద పడుతోంది కదమ్మా!’’, ‘‘కాస్త ఒళ్లు తగ్గించు, అదే పోతుంది.’’

వయసూ ఒళ్లూ కొంత కారణమే, కాదనను. కానీ మన కాళ్ల నొప్పుల్లో సగానికి మూలం మనం నిలబడే నేలలో, నిలబడే గంటల్లో ఉందని నా నమ్మకం. అందుకే మందుబిళ్ల కంటే ముందు అడగవలసింది అరికాలి కింద కాస్త మెత్తన, మధ్యమధ్య కూర్చునే వీలు. ఇవి అడగడానికి మనకెందుకో మొహమాటం.

మా పుట్టిల్లు కైకలూరు దగ్గర లంక ఊళ్లో. చిన్నప్పుడు మాది పేడతో అలికిన మట్టినేల. అత్తవారిల్లు తాడేపల్లిగూడెం, అక్కడ గచ్చు. పన్నెండేళ్ల కిందట ఇల్లు బాగుచేయిస్తూ అందరిలాగే మేమూ గ్రానైటు పరిపించాం. మొహం చూసుకోవచ్చు, అంత నున్నగా ఉంటుంది. అది వేసిన మూడో ఏట నుంచి, పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి మడమలో మేకు గుచ్చినట్టుండేది. పది అడుగులు నడిస్తే సర్దుకునేది. మధ్యాహ్నం కాసేపు పడుకుని లేస్తే మళ్లీ అదే పోటు. మొదట చూపించుకున్న డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి, ‘‘మడమలో ఎముక పెరిగింది’’ అని అక్కడికక్కడే ఇంజక్షన్ పొడిచారు. నెల రోజులు హాయిగా ఉంది. తర్వాత మామూలే.

ఏలూరులో చూసిన ఇంకో ఎముకల డాక్టరుగారు మాత్రం కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద పట్టీలాంటి గట్టి పొర ఒకటి ఉంటుంది. ప్లాంటార్ ఫేషియా అంటారు. గట్టి నేల మీద గంటల తరబడి నిలబడితే అది మడమ దగ్గర లాగి లాగి దెబ్బతింటుంది. రాత్రి పడుకున్నప్పుడు బిగుసుకుని, పొద్దున మొదటి అడుగుతో ఒక్కసారి సాగుతుంది. అదీ ఆ పోటు. ఎక్స్‌రేలో కనిపించే ఎముక ముల్లు నొప్పి లేనివాళ్లలో కూడా చాలామందికి ఉంటుందట! దాన్ని చూసి హడలిపోనవసరం లేదు. ఇంజక్షన్ వాళ్లూ ఇస్తారు, కానీ మాటిమాటికీ పొడిపించుకుంటే ఆ పొర తెగే ప్రమాదం, మడమ కింద మెత్తగా ఉండే కొవ్వు కరిగిపోయే ప్రమాదం ఉన్నాయి.

మరి వైద్యం ఏమిటంటారా? వింటే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. మంచం దిగకముందే కాలివేళ్లని చేత్తో పట్టుకుని మన వైపు వంచి కాసేపు ఉంచాలి. చెయ్యి అందకపోతే తువ్వాలు వేసి లాగవచ్చు. తర్వాత గోడకి రెండు చేతులూ ఆనించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మడమ పైకి లేవకుండా ముందుకి వంగాలి. పిక్క సాగుతున్నట్టు తెలియాలి. అరనిమిషం చొప్పున నాలుగైదుసార్లు, రోజుకి రెండు మూడు పూటలు. ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన నీళ్ల సీసాని సాయంత్రం పూట అరికాలి కింద దొర్లిస్తే నొప్పి లాగేసినట్టుంటుంది. ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, కాకపోతే నెలలు పడుతుంది. ఒక్కోసారి ఏడాది. వారం చేసి ‘అబ్బే, గుణం లేదు’ అని మానేసేవాళ్లే మనలో ఎక్కువ.

ఇంకో మాట కూడా చెప్పారాయన. ‘‘ఇంట్లో చెప్పులు వేసుకోవాలమ్మా.’’ వ్యాయామం సంగతి ఇంట్లో ఎవరికీ పట్టలేదు గానీ, ఈ మాట దగ్గరే గొడవ మొదలైంది.

‘‘వంటింట్లో చెప్పులేమిటే అమ్మాయ్?’’ అన్నారు మా అత్తయ్యగారు. ఆవిడ బాధ నాకు అర్థం కాకపోలేదు. వీధిలో తొక్కిన దాన్ని పొయ్యి దాకా తేకూడదన్న నియమం మంచిదే, శుభ్రమే. కానీ గడప దాటని జత వేరే పెట్టుకుంటే ఏమిటి తప్పు? అరికాలు నేలకి తాకుతోంది, చెప్పు అడుగూ ఆ నేలకే తాకుతోంది. వారానికోసారి సబ్బుతో కడిగితే మన కాళ్లంత శుభ్రంగానూ ఉంటుంది. వెనకటి పెద్దవాళ్లు మడి బట్టతో, పావుకోళ్లు వేసుకుని ఇంట్లో టకటకా తిరగలేదూ? వాళ్ల అరికాళ్లకి లేని మైల మన అరికాళ్లకే ఎందుకొచ్చింది? ఇదే మాట అడిగాను. అత్తయ్యగారు ఆలోచించి, ‘‘దేవుడి గదిలోకి మాత్రం వద్దు’’ అన్నారు. రాజీ కుదిరింది.

ఒక సంగతి. పాతబడి, మడమ దగ్గర కాగితంలా అరిగిన హవాయి చెప్పుల్ని ‘ఇంట్లోకి చాల్లే’ అని దాచుకోకండి. వాటితో ఉపయోగం లేదు, తడి బాత్‌రూములో జారడం తప్ప. అడుగు మందంగా, మడమ కింద మెత్తగా, కొంచెం ఎత్తుగా, వేలితో నొక్కితే దిగి మళ్లీ పైకి లేచేది కావాలి. పెళ్లికి పారాణి పెట్టి, వారం వారం పసుపు రాసే పాదాలకి ఆ మాత్రం ఖర్చు పెట్టలేమా!

జారడం అన్నాను కాబట్టి బెణుకు సంగతి. కాలవ రేవు మెట్టు మీదో, బస్సు దిగుతూనో మడమ మడత పడుతుంది. వెంటనే వీధిలో ఎవరో ఒకరు ‘నేను లాగుతా’ అని వస్తారు. దయచేసి లాగనివ్వకండి. వేడి కాపడం, గట్టిగా మర్దన కూడా మొదటి రెండు రోజులు వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున పెట్టుకుని, క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టుకోవాలి. చీలమండ గుబ్బ మీద నొక్కితే ప్రాణం పోతున్నా, నాలుగు అడుగులు కూడా వేయలేకపోతున్నా ఎక్స్‌రే తీయించాల్సిందే. ఎముక విరగలేదని తేలితే నెలల తరబడి మంచంలో ఉండనక్కర్లేదు. నొప్పి కాస్త తగ్గగానే బొటనవేలితో గాలిలో అ, ఆలు దిద్దినట్టు పాదం తిప్పుతుండాలి. అలా బలం తెచ్చుకోకపోతే అదే కాలు మళ్లీ మళ్లీ బెణుకుతుంది. గుడ్డుసొన పట్టీ వేస్తే కట్టు బిగుస్తుందేమో గానీ, విరిగిన ఎముక సొనకి తెలియదు కదా.

ఇవన్నీ గ్రానైటు నేలల ఇళ్ల కబుర్లు. మా పుట్టింటి వైపు కాళ్ల కష్టం వేరు. అక్కడ నేల కాదు, నీళ్లు. నాట్లకి దిగిన ఆడవాళ్లు పొద్దుణ్నించీ సాయంత్రం దాకా బురదలోనే. చేపల చెరువుల దగ్గరా, రొయ్యల షెడ్లలోనూ తడే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడని ముంచి కొల్లేరులోకి దిగినప్పుడు లంక ఊళ్లలో వీధులు కూడా నీళ్లే. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని, చిట్లి, దురద, మంట. ‘నీళ్లలో పని, మామూలే’ అనుకుంటాం. కానీ ఆ చిట్లిన చోటే క్రిములకి గుమ్మం. బోదకాలు ఉన్నవాళ్లకి ఇది మరీ ప్రమాదం. బోదకాలు తెచ్చేది దోమ. కాలు ఏనుగు కాలంత అయ్యేది మాత్రం ఆ చీలికల్లోంచి క్రిములు దూరి, మాటిమాటికీ చలిజ్వరం వచ్చి, కాలు ఎర్రగా వాచడం వల్ల. రోజూ సాయంత్రం సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగుడ్డతో అద్ది, డాక్టరు చెప్పిన ఆయింట్‌మెంటు రాసి, రాత్రి కాలు ఎత్తులో పెట్టుకుంటే ఆ జ్వరాలు బాగా తగ్గుతాయి. ఆపరేషన్లూ సూదులూ లేని వైద్యం. బురదలో చెప్పులు నడవవు సరే, గట్టెక్కాక కడుక్కోవడానికి పంపు నీళ్లు, ఓ సబ్బు ముక్క పెట్టమని ఆసామిని అడగవచ్చు కదా! ముదిరిన బోదకాలుకి ప్రభుత్వం పెన్షన్ ఇస్తోంది, మంచిదే. ఆ కాలు ముదరకుండా చూసే సబ్బూ అంతే ముఖ్యం. ఊళ్లోకి బోదకాలు మాత్రలు తెచ్చినప్పుడు ‘తర్వాత మింగుతా’మని కిటికీలో పెట్టేవాళ్లున్నారే, వాళ్లకీ ఓ దండం.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలి. వాళ్లకి నొప్పి తెలియకపోవడమే జబ్బు. మేకు దిగినా, వేడినీళ్లు పడి బొబ్బ ఎక్కినా తెలియదు. మా బంధువుల్లో ఒకావిడ చిన్న తిరుపతికి నడిచి వస్తానని మొక్కుకుని, ఎండలో తారురోడ్డు మీద ఉత్తకాళ్లతో నడిచారు. అరికాలి బొబ్బలు ఇంటికొచ్చాక మనవరాలు చూస్తే గానీ ఆవిడకి తెలియలేదు. ఒక వేలు తీసేయాల్సి వచ్చింది. వెంకన్న చెప్పులు వద్దన్నాడా? చెప్పులతో నడిచి, కొండ దగ్గర విడిస్తే మొక్కు తీరదా?

షుగర్ ఉంటే రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకోవాలి. మట్టెలు బిగుసుకుపోయి వేలు వాస్తే, ముత్తయిదువతనం సంగతి తర్వాత, ముందు వాటిని వదులు చేయించాలి. మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులని దొరుకుతాయి. ఒకప్పుడు కుష్ఠు రోగుల స్పర్శ లేని పాదాల కోసం వాడుకలోకి వచ్చినవి. ఆ పేరు చూసే చాలామంది వాటిని వేసుకోరు. కాలు పోయాక ఆ సిగ్గు ఏం చేసుకుంటాం? ఏలూరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. షుగర్‌కి చూపించుకోవడానికి అక్కడికెళ్లినా, ప్రైవేటుకెళ్లినా, డాక్టరుగారు అడగకపోయినా మనమే చెప్పులు విడిచి కాళ్లు చూపిద్దాం. చీటీలో రక్తం లెక్కలు రాసి పంపించేస్తే చాలదు.

ఇంట్లో అయితే అత్తగారితో రాజీ పడ్డాను. ఉద్యోగంలో నిలబడేవాళ్లు ఎవరితో రాజీ పడాలి? చీరల షాపులో అమ్మాయిలు పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా నిలబడే ఉంటారు. కేరళలో అలాంటి అమ్మాయిలే పోరాడితే 2018లో చట్టం మార్చి, షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కు ఇచ్చారు. 2021లో తమిళనాడూ అదే చేసింది. మొన్న శ్రావణమాసం చీరలకి ఏలూరు వెళ్లినప్పుడు, నాకు చీరలు విప్పి చూపిస్తున్న అమ్మాయి ఒంటికాలి మీద బరువు మార్చుకుంటూ నిలబడింది. పాతికేళ్లు కూడా ఉండవు. ‘‘మీకు కూర్చోడానికి ఏమీ ఇవ్వరా అమ్మా?’’ అనడిగాను. అటూ ఇటూ చూసి, చిన్నగా అంది: ‘‘స్టూలుందండీ. కూర్చుంటే బేరం పోతుందంటారండీ.’’ ఆ బేరం నాతోనే కాబట్టి, నువ్వు కూర్చుని చూపిస్తేనే కొంటానన్నాను. కూర్చోలేదు. కౌంటరు వైపు చూసి నవ్వేసి, ఇంకో చీర విప్పింది.