క్రిస్మస్ రాత్రి దేవాలయం కిటికీలు మూయకండి

2021లో క్రిస్మస్‌కు వారం ముందు సంగతి. మన కతోలిక విచారణలన్నింటిలో 24వ తేదీ రాత్రి జరిగే దివ్యబలిపూజకు సన్నాహాలు మొదలయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నవంబరు 26న ఆందోళనకరమైనదిగా ప్రకటించిన ఒమిక్రాన్ వైరస్ ఆ డిసెంబరులోనే మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ కనిపించింది. జాగ్రత్తలు ఏం తీసుకుంటున్నారని ఎవరిని అడిగినా ఒకటే సమాధానం: "అంతా శానిటైజ్ చేయిస్తున్నామండీ." బెంచీలకు హైపోక్లోరైట్ ద్రావణం, గుమ్మం దగ్గర శానిటైజర్ సీసా, నుదుటికి గురిపెట్టే జ్వరమాపకం. చలికాలం గనుక కిటికీలు మాత్రం మూసే ఉంటాయి. ఈ ఏర్పాట్లలో చాలాభాగం వృథా శ్రమ అనీ, ఆ మూసిన కిటికీలే అసలు ప్రమాదమనీ చెప్పటానికే ఈ వ్యాసం.

ఆలయాలను మూసివేయమని నేను చెప్పబోవటం లేదు. "ఇంట్లో కూర్చుని టీవీలో చూస్తే సరిపోదా?" అని తేలికగా అనేవారికి ఆ ఆరాధన స్వభావం తెలియదు. ప్రసంగాన్ని టీవీలో వినవచ్చు. దివ్యసత్ప్రసాదాన్ని టీవీలోంచి అందుకోలేము. 2020 మార్చి 27న పోపు ఫ్రాన్సిస్ వాన కురుస్తున్న నిర్మానుష్యమైన సెయింట్ పీటర్స్ చౌకులో నిలబడి ప్రార్థించారు. వ్యాధి ఎలా వ్యాపిస్తుందో సరిగా తెలియని ఆ రోజులలో తలుపులు మూయటమే వివేకం. ఇప్పుడు తెలుసు. తెలిసిన తరువాత కూడా తెలియనట్టు నడుచుకోవటం మీదనే నా అభ్యంతరం.

ఈ అయోమయంలో పెద్ద సంస్థల పాత్ర తక్కువేమీ కాదు. కోవిడ్ గాలిద్వారా వ్యాపించదని 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థే ఢంకా బజాయించి చెప్పింది. ఆ జులైలో 239 మంది శాస్త్రవేత్తలు గాలి సంగతి పట్టించుకోండని బహిరంగంగా కోరవలసి వచ్చింది. 2021 ఏప్రిల్ చివరకు గాని ఆ సంస్థ తన సమాచార పత్రాన్ని సరిదిద్దలేదు. అదే నెలలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ, కలుషితమైన వస్తువును ఒకసారి తాకితే వ్యాధి సోకే అవకాశం పదివేలలో ఒకటికన్నా తక్కువని లెక్కగట్టింది. అయినా ఆ ఏడాది డిసెంబరులో కూడా మన ఆలయాలలో బెంచీలు తుడుస్తూనే ఉన్నారు! చేతులు కడుక్కోవటం మంచి అలవాటే, విరేచనాల వంటి వ్యాధులను ఆపుతుంది. కాని ఈ వ్యాధికి అది ప్రధానమైన కవచం కాదు. జ్వరమాపకం సంగతీ అంతే. లక్షణాలు పొడసూపటానికి రెండు రోజుల ముందునుంచే రోగి వైరస్‌ను వెదజల్లగలడు; ఆ రెండు రోజులూ అతని నుదురు చల్లగానే ఉంటుంది.

గాలిలో వ్యాపించటం అంటే ఏమిటో తెలుసుకోవటానికి ప్రయోగశాల అక్కరలేదు. పీఠం దగ్గర సాంబ్రాణి ధూపం వేసినప్పుడు గమనించండి. కొద్ది నిమిషాలలో ఆ వాసన చివరి బెంచీలో కూర్చున్న వారికి చేరుతుంది. ఆరడుగుల దూరం పాటించినంత మాత్రాన పొగ ఆగిపోదు. మన ఊపిరిలోని అతి సూక్ష్మమైన తుంపరలు కూడా ఆ పొగలాగే తేలుతూ, వ్యాపిస్తూ, తలుపులు మూసిన గదిలో గంటల తరబడి నిలుస్తాయి. పెద్ద తుంపరలు మాత్రమే రెండు మీటర్ల లోపల నేలకు జారతాయి. పూజ ముగిసిన అరగంట తరువాత లోపలికి వెళ్తే సాంబ్రాణి పొగ ఇంకా తచ్చాడుతున్నదా? అయితే అంతవరకు అక్కడ కూర్చున్న వారి ఊపిరి కూడా అక్కడే ఉన్నది. రెండవ పూజకు వచ్చేవారు దానినే పీల్చుకుంటారు.

ఇక పాటలు. మాట్లాడేటప్పటికంటే పాడేటప్పుడు మనిషి ఎన్నో రెట్లు ఎక్కువ తుంపరలను వెలువరిస్తాడు. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాగిట్ వ్యాలీ గానబృందం ఒక చర్చి హాలులో రెండున్నర గంటలు సాధన చేసింది. గుమ్మం దగ్గర శానిటైజర్ ఉంది. కరచాలనాలు, ఆలింగనాలు మానుకున్నారు. అంతా పద్ధతిగానే ఉంది, గాలి తప్ప. హాజరైన 61 మందిలో 53 మంది జబ్బు పడ్డారు, ఇద్దరు మరణించారు. మన విచారణలలో క్రిస్మస్ పాటలు పాడేది ఎక్కువగా పిల్లలు. పద్దెనిమిదేళ్లు నిండని వారికి మన దేశంలో 2021 డిసెంబరు నాటికి టీకాలు ఇంకా మొదలే కాలేదు. వారిని ఒక మూల ఇరుకుగా నిలబెట్టి గంటన్నర పాడించి, వారు ఇంటికి వెళ్లి తాతయ్య పక్కన పడుకుంటే ఏమవుతుందో ఆలోచించండి.

ఇందులో కొత్తగా నేను కనిపెట్టినదేమీ లేదు. ప్రార్థనా స్థలాలు తెరవటానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2020 జూన్ 4న ఇచ్చిన మార్గదర్శకాలలోనే గానబృందాలు వద్దనీ, బయటిగాలి వీలైనంతగా లోపలికి రావాలనీ ఉంది. అదే పత్రంలో చెప్పులు వీలుంటే సొంత వాహనంలోనే విడవండన్న సూచన కూడా ఉంది. మనవాళ్లకు చెప్పుల సంగతి గుర్తుంది, పాటల సంగతి మరచిపోయారు!

కాబట్టి విచారణ గురువులు, సంఘ పెద్దలు ముందుగా చూడవలసినది గాలి రాకపోకలు. పాతకాలపు దేవాలయాలను కట్టినవారు తెలివైనవారు: ఎత్తైన కప్పు, ఎదురెదురు తలుపులు, పైన గాలికంతలు. వాటిలో చాలావాటిని పావురాల బాధకు భయపడి మనమే మూసివేశాము. వాటికి వలలు కొట్టించి తెరవండి. కప్పుకు వేలాడే పంకా గాలిని మార్చదు, ఉన్న గాలినే కలియబెడుతుంది. గోడకు బిగించే ఏసీ మరీ మోసకారి. లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ లోపలికే వదులుతుంది. నిలువు పంకా ఒకటి కిటికీ దగ్గర బయటివైపుకు తిప్పి పెడితే లోపలి గాలిని నెట్టివేస్తుంది. కొద్దివేల రూపాయలకు బొగ్గుపులుసు వాయువును కొలిచే చిన్న పరికరం దొరుకుతుంది. బయటిగాలిలో ఆ వాయువు పదిలక్షల పాళ్లలో సుమారు 420 పాళ్లు. మనం విడిచే ఊపిరిలో దాదాపు 40,000. పూజ మధ్యలో ఆ పరికరం 800 దాటి చూపిస్తే, ఒకరు విడిచిన ఊపిరిని మరొకరు పీలుస్తున్నారని అర్థం. హైపోక్లోరైట్ డబ్బాలకు పోసే సొమ్ము దీనికి పెట్టండి.

అన్నిటికన్నా ఉత్తమమైనది ఆరుబయటి పూజ. ఇది అపచారమేమో అని శంకించేవారికి ఒక కతోలిక పునీతుని ఉదాహరణ చెబుతాను. 1576లో మిలాను నగరాన్ని ప్లేగు చుట్టుముట్టి జనం ఇళ్లలో బందీలైనప్పుడు, ఆ నగర పీఠాధిపతి చార్లెస్ బొరోమెయో వీథుల కూడళ్లలో పీఠాలు కట్టించి, ప్రజలు తమ కిటికీల నుంచే దివ్యబలిపూజలో పాల్గొనేలా చేశారు. మన విజయవాడ గుణదలలో ఏటా ఫిబ్రవరిలో లక్షలమంది కొండ దిగువన ఆరుబయటే పూజలో పాల్గొనటం లేదా? ఆవరణ ఉన్న ప్రతి విచారణా డిసెంబరులో ఆ పని చేయగలదు. ఒక్క షరతు: చలిగాలి తగులుతుందని షామియానాకు నాలుగు వైపులా తెరలు కట్టకండి. కట్టారంటే అది గుడ్డతో కట్టిన మూతగదే. స్వెటరు వేసుకుని రమ్మనండి.

"దేవుని ఇంట్లో రోగం అంటుతుందా?" అనేవారు కూడా ఉన్నారు. ఆ మాట వారి సంఘమే అనటం లేదు. 2021లో విభూది బుధవారానికి ముందు వత్తికాను ఇచ్చిన సూచన చూడండి: గురువు మాస్కు ధరించాలి, విభూది పెట్టేటప్పుడు ఒక్కొక్కరితో పలికే మాటను అందరికీ కలిపి ఒకేసారి పలకాలి, తరువాత మౌనంగా ప్రతివారి తలపై చల్లాలి. ఎదురెదురుగా ఊపిరి కలిసే క్షణాన్ని ఎంత నేర్పుగా తప్పించారో గమనించారా? అదే పద్ధతి సత్ప్రసాద వితరణకూ పనికివస్తుంది. "ఆమెన్" అందరూ ముందే చెప్పి, మాస్కుతో వచ్చి చేతిలోకి స్వీకరించి, పక్కకు వెళ్లి మాస్కు దించి ఆరగిస్తే అది కొన్ని క్షణాల పని. అసలు భయపడవలసినది పాపసంకీర్తనపు పెట్టెకు. క్రిస్మస్‌కు ముందు వారమంతా గురువు అందులో కూర్చుని, మనిషి తరువాత మనిషి గుసగుసలాడిన గాలి పీలుస్తారు. రెండు కుర్చీలు ఆవరణలో చెట్టు కింద వేస్తే ఆ గండం గడుస్తుంది.

చివరగా వృద్ధులు, జలుబు దగ్గు ఉన్నవారు. పూజకు రాకపోతే పాపమని భయపడి మందుబిళ్ల వేసుకుని మరీ వస్తారు. అనారోగ్యం ఉంటే ఆదివార బాధ్యత వర్తించదని కతోలిక సత్యోపదేశ గ్రంథమే చెబుతున్నది. ఈ మాటను డాక్టరు చెబితే వినరు, గురువు చెప్పాలి. అటువంటివారి ఇళ్లకు పండుగ తరువాత సత్ప్రసాదం తీసుకువస్తామన్న మాట కూడా దానితోపాటే చెప్పాలి. 24వ తేదీ రాత్రి, జనమంతా లోపలికి వచ్చాక మైకులో చెబితే ఉపయోగం లేదు. పండుగకు ముందు ఆదివారం పూజలోనే ఆ ప్రకటన చదవాలి.