పెళ్లికూతురి తల్లి ముఖానికి ఏమి పూసుకోవాలి?

గత సంవత్సరం పుంగనూరు నుంచి ఒక తల్లి నా వద్దకు వచ్చారు. వయస్సు నలభై ఏడు. కుమార్తె నిఖా రెండు నెలలలో ఉంది. మొదట మోకాళ్ల నొప్పుల గురించి చెప్పారు, తరువాత నిద్ర సరిగా పట్టడం లేదన్నారు. అన్నీ అయిపోయి లేచి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఈ మచ్చలకు ఏమైనా పూసుకోవచ్చునా మేడమ్? ఈ వయసులో ఇదేం సోకు అంటారేమోనని ఇంతసేపూ అడగలేదు" అన్నారు.

రెండు బుగ్గల మీదా మంగు మచ్చలు ఉన్నాయి. ఇప్పటికే ఏమైనా పూస్తున్నారా అని అడిగాను. సంచిలోంచి ఒక చిన్న డబ్బా తీశారు. "మా మరిది భార్య కువైట్ నుంచి తెచ్చింది. నెల రోజుల్లో తెల్లగా అయిపోతారంట" అన్నారు. ఆ డబ్బా మీద తయారీదారు చిరునామా లేదు, పదార్థాల పట్టిక లేదు. ఆమె పాదాలు కొద్దిగా ఉబ్బి ఉన్నాయి. మూత్ర పరీక్ష చేయిస్తే ప్రొటీను పోతున్నట్లు తేలింది. క్రీము మాన్పించి, మూత్రపిండాల వైద్యుని వద్దకు పంపాను. కొన్ని నెలలలో ప్రొటీను తగ్గింది. ఆ డబ్బాలోని పదార్థాన్ని మేము ప్రయోగశాలలో పరీక్షింపజేయలేదు కనుక క్రీమే కారణమని ప్రమాణం చేసి చెప్పలేను. కానీ నా అనుమానానికి ఆధారం లేకపోలేదు.

కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో మూత్రపిండాల వైద్యులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు తమ వద్దకు వచ్చిన 22 మంది మెంబ్రేనస్ నెఫ్రోపతీ రోగులను పరిశీలించారు. అది మూత్రపిండాల వడపోత పొర దెబ్బతిని ప్రొటీను కారిపోయే వ్యాధి. వారిలో 15 మందికి అరుదైన ఒక రకం, ‘నెల్-1’ అనే ప్రొటీనుతో ముడిపడినది, కనబడింది. ఆ 15 మందిలో 13 మంది చర్మాన్ని తెల్లబరిచే క్రీములు వాడుతున్నట్లు ఒప్పుకున్నారు. ఆ క్రీములలో దోషి పాదరసం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని పాదరసం అడ్డుకుంటుంది, అందువల్లనే ముఖం కొన్నాళ్లు తెల్లబడినట్లు కనబడుతుంది. అయితే అది చర్మం మీదనే ఆగదు. రక్తంలోకి ఇంకి మూత్రపిండాలను చేరుతుంది. అదే తువాలు వాడే పిల్లలకు, అదే పడకగదిలో గాలి పీల్చే భర్తకు కూడా కొంత చేరుతుంది.

కడప నుంచి రాయచోటి, మదనపల్లె దాకా ఎన్నో ఇళ్లలో ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నవారే. సెలవుకు వచ్చేటప్పుడు పెట్టెలో ఖర్జూరాలు, అత్తరు, దుప్పట్లతో పాటు ఈ డబ్బాలూ వస్తాయి. ఆప్యాయతతో తెచ్చిన కానుకను ఎవరు అనుమానిస్తారు? కాబట్టి ఈ విషయంలో నేను క్రీము తెచ్చిన తోడికోడలిని తప్పు పట్టను. నేను తప్పు పట్టేది గుమ్మం దగ్గర ఆగిన ఆ సంకోచాన్ని. నలభై దాటిన స్త్రీ, అందునా బురఖా వేసుకునే స్త్రీ, అలంకరణ గురించి అడిగితే నవ్వుతారన్న భయం ఆమెను వైద్యురాలి నుంచి దూరం చేసి, చాటుగా చేతులు మారే డబ్బాకు దగ్గర చేసింది. అందుకే ఈ వయస్సులో ముస్లిం స్త్రీ మేకప్ గురించి బహిరంగంగా, సిగ్గు లేకుండా మాట్లాడుకోవాలని నా అభిప్రాయం.

బురఖాలో ఉండే స్త్రీకి అలంకరణ దేనికి అనేవారు ఆ ఇళ్లలోని పెళ్లిళ్లను చూడనివారు. అక్కడ స్త్రీలు స్త్రీల మధ్య కూర్చుంటారు. వియ్యపురాలు, ఆడబిడ్డలు, బెంగళూరు నుంచీ వాణియంబాడి నుంచీ వచ్చిన బంధువులు అందరూ పెళ్లికూతురి తరువాత చూసేది పెళ్లికూతురి తల్లినే. ఆమె ఆ రోజు చక్కగా కనబడాలనుకోవడంలో అపరాధమేమీ లేదు.

ఇక ఏమి పూసుకోవాలి అన్న ప్రశ్నకు వద్దాం. నా సమాధానం ఒక్కటే: రంగు మార్చేది వద్దు, రంగు కలిపేది కావాలి. ఫౌండేషన్ కొనేటప్పుడు మన ప్రాంతంలో చేతి మణికట్టు మీద రాసి చూపిస్తారు. మణికట్టు రంగు వేరు, ముఖం రంగు వేరు. దవడ అంచున, మెడకు దగ్గరగా, ఒక చుక్క రాసుకుని దుకాణం బయటకు వచ్చి పగటి వెలుతురులో చూసుకోవాలి. కనబడకుండా కలిసిపోయినదే మీ రంగు. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి కనుక అక్కడి పెళ్లిళ్లకు బెంగళూరు నుంచి అలంకరణ చేసేవారిని పిలిపించుకోవడం మామూలే. వీడియో దీపాల కోసమని వారు రెండు ఛాయలు తెల్లగా వేస్తారు. ఇరవై ఏళ్ల పెళ్లికూతురి ముఖం దానిని భరిస్తుంది. యాభైకి దగ్గరపడిన తల్లి ముఖం మీద అది సున్నం కొట్టినట్లు ఉంటుంది. హిజాబ్ చుట్టుకున్నప్పుడు మెడ కనబడదు కదా అనుకోవద్దు, చేతులు కనబడతాయి.

వయస్సుతో చర్మం మారుతుందన్నది ఇక్కడ ముఖ్యం. బహిష్టులు ఆగే కాలంలో చర్మపు నూనె తగ్గుతుంది, చర్మం పలుచనవుతుంది. ఇరవై ఏళ్ల నాడు బాగా అమరిన పౌడరు ఇప్పుడు ముడతలలో చేరి గీతలు గీతలుగా నిలుస్తుంది. కాబట్టి పౌడరు తగ్గించి, ముందుగా తేమనిచ్చే క్రీము రాసి, పది నిమిషాలు ఆగి, ఆ పైన పలుచని ఫౌండేషన్ వేలితో అద్దాలి. ముఖమంతా అక్కరలేదు, మచ్చలున్న చోట చాలు. బుగ్గలకు పొడి బ్లష్ కంటే క్రీము బ్లష్ మేలు. పెదవులకు బాగా ముదురు గోధుమ రంగు వేస్తే, వయస్సుతో సన్నబడిన పెదవులు మరింత సన్నగా కనబడతాయి. ఇటుక రంగు, ముదురు గులాబీ మన ఛాయలకు నప్పుతాయి. వీటన్నిటికంటే ముఖానికి ఆనుకుని ఉండే దుపట్టా రంగు ఎక్కువ పని చేస్తుంది. నలుపు ముఖం మీది నీడలను, కంటి కింది గుంటలను పెంచి చూపుతుంది. లేత వంగపండు, పాలమీగడ, నెమలికంఠం రంగులు ముఖానికి వెలుతురునిస్తాయి. ఇది ఖర్చు లేని మేకప్, వుజూతో కడుక్కుపోనిది కూడా.

మంగు మచ్చలకు నిజమైన మందు ఎండ నుంచి రక్షణ. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, వాతావరణం చల్లన. ఆ చల్లదనాన్ని చూసే ఆరోగ్యవరంలో క్షయ రోగుల శానటోరియం కట్టారు. కానీ వేడి లేనంత మాత్రాన అతినీలలోహిత కిరణాలు లేవని కాదు. మంగుకు మామూలు వెలుతురు కూడా తోడ్పడుతుంది కనుక, ఐరన్ ఆక్సైడు కలిసిన, చర్మపు రంగులో ఉండే సన్‌స్క్రీన్ ఎంచుకోవడం మంచిది. అది మచ్చను కప్పుతుంది, పెరగకుండానూ చూస్తుంది. అనేకమందికి అదే ఫౌండేషన్‌గా సరిపోతుంది. నమాజుకు ముఖం కడుక్కుంటే పోతుంది కదా అని అడుగుతారు. సన్‌స్క్రీన్‌ను ఎలాగూ రెండు మూడు గంటలకొకసారి మళ్లీ రాయాలి. వుజూ తరువాత రాసుకోండి, తదుపరి వుజూకు ముందు సబ్బుతో కడగండి. ఐదు పూటల నియమం చర్మ వైద్యుల సలహాకు ఇంత చక్కగా సరిపోతుందని నేను కూడా ఆలస్యంగానే గ్రహించాను.

గోళ్ల రంగు నీటిని అడ్డుకుంటుందని చాలామంది దానిని మానుకుంటారు. గోరింటాకు పొరగా నిలవదు, రంగు మాత్రమే మిగులుస్తుంది. వైద్యురాలిగా నాకూ గోరింటాకే ఇష్టం, అది ఆకు అయినంతవరకు. అసలైన గోరింటాకు గంటల తరబడి ఉంచితే ఎరుపు, నారింజ, గోధుమ రంగులు ఇస్తుంది. పది నిమిషాలలో నల్లగా పండేదానిలో ఉన్నది ఆకు కాదు, పారాఫినైలిన్ డయమైన్ అనే రసాయనం. "కాలీ మెహందీ" పేరుతో తలకు వేసే పొడులలోనూ అదే ఉంటుంది. అది పడనివారికి నుదురు, కనురెప్పలు వాచిపోతాయి. కొందరికి ముఖం అంచుల వెంట నల్లని ఛాయ ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. తెల్ల వెంట్రుకలకు నలుపు వద్దు, గోరింటాకు ఎరుపే మేలని చెప్పే పెద్దల కారణం వేరు, నా కారణం వేరు. సలహా మాత్రం ఒకటే.

ఇప్పుడు కొందరికి నొప్పి కలిగించే మాట చెప్పాలి. సుర్మా. ప్రవక్త సంప్రదాయంగా భావించి ఎంతో భక్తితో వాడే వస్తువు అది. హదీసులలో పేర్కొన్న ఇస్మిద్‌ను పండితులు సాధారణంగా అంజనపు రాయి, అంటే యాంటిమొనీ, అని వివరిస్తారు. కానీ బజారులో సుర్మా పేరుతో అమ్మేవాటిని పరీక్షించినప్పుడు తరచుగా బయటపడినది గెలీనా, అంటే సీసపు ఖనిజం. శరీరంలో సీసానికి సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నడివయస్సు స్త్రీకి ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఏళ్ల తరబడి చేరిన సీసం ఎముకలలో దాగి ఉంటుంది. బహిష్టులు ఆగి ఎముకలు అరుగుతున్నప్పుడు అది తిరిగి రక్తంలోకి వస్తుంది. అంతకంటే బాధాకరమైనది, నానమ్మ తన కంటికి పెట్టుకున్న అదే సలాకతో మనవడి కంటికి పెట్టడం. పసివాడు కన్ను నులుముకుని ఆ వేలు నోట్లో పెట్టుకుంటాడు. ఎదుగుతున్న మెదడుకు సీసం చేసే హాని తిరిగి సరిచేయలేనిది.

రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలను సౌందర్య సాధనాలలో కలపడాన్ని మన చట్టం నిషేధించింది. 2020 నాటి కాస్మెటిక్స్ నియమాల ప్రకారం ముఖానికి పూసే క్రీములో అనుకోకుండా చేరిన పాదరసం కూడా పది లక్షల పాళ్లలో ఒక పాలు మించరాదు. చట్టం మనల్ని కాపాడాలంటే డబ్బా మీద చట్టానికి జవాబు చెప్పే పేరు ఉండాలి. లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారీదారు చిరునామా, విదేశీ సరుకైతే దిగుమతిదారు చిరునామా. ఇవి లేని సుర్మా ఉర్సులో కొన్నదైనా, యాత్ర నుంచి తెచ్చినదైనా కంటికి పెట్టవద్దని నా మనవి. వివరాలున్న మంచి కాటుక పెన్సిలు కొనుక్కుని, రెప్ప లోపలి అంచున కాక బయట, వెంట్రుకల మొదళ్ల వెంట గీసుకోండి. రెప్ప అంచున ఉన్న నూనె గ్రంథులు మూసుకుపోతే, ఈ వయస్సులో ఎలాగూ పొడిబారే కళ్లు మరింత మండుతాయి.

కనుబొమల విషయం చెప్పి తీరాలి. వాటిని పీకించుకోవడం తగదని చాలామంది ముస్లిం స్త్రీలు భావిస్తారు. మంచిదే, పీకకుండా పలుచబడిన చోట పెన్సిలుతో నింపుకుంటే సరిపోతుంది. అయితే బయటి వైపు మూడో వంతు కనుబొమ రాలిపోతూ ఉంటే, దానితో పాటు అలసట, మలబద్ధకం, చలికి ఓర్వలేకపోవడం ఉంటే, పెన్సిలుకు ముందు థైరాయిడ్ పరీక్ష చేయించండి. చత్వారం వచ్చిన కంటితో ఇవన్నీ గీసుకోవడం కష్టం. పెద్దదిగా చూపే చిన్న అద్దం ఒకటి కొనుక్కుని కిటికీ దగ్గర కూర్చోండి.

మదనపల్లెలో నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు భర్త పోయినప్పటి నుంచి, అంటే పద్దెనిమిది ఏళ్లుగా, ముఖానికి వాసన లేని క్రీము కూడా రాయడం మానేశారు. చలికాలంలో బుగ్గలు పగిలి రక్తం చిమ్మేది. "జనం ఏమంటారు డాక్టరమ్మా" అనేవారు. నేను మతపండితురాలిని కాను. కానీ భర్త పోయిన స్త్రీ అలంకరణకు దూరంగా ఉండవలసిన ఇద్దత్ గడువు నాలుగు నెలల పది రోజులని ఆమె నాకంటే బాగా ఎరుగుదురు. ధర్మం గడువు పెట్టింది, ఇరుగుపొరుగు పెట్టలేదు. హిందూ ఇళ్లలో వితంతువులకు మనం విధించిన జీవితకాలపు శిక్షను పక్క వీధిలోని ముస్లిం స్త్రీలు కూడా మోస్తున్నారేమోనని నాకు తరచు అనిపిస్తుంది. ఆమె ఇప్పుడు వాజెలిన్ రాస్తున్నారు. అంతకు మించి రాయాలో లేదో ఆమె ఇష్టం.

పుంగనూరు తల్లి నిఖాకు సన్‌స్క్రీన్, మచ్చల మీద కొద్దిగా ఫౌండేషన్, ఇటుక రంగు లిప్‌స్టిక్, నెమలికంఠం దుపట్టాతో వెళ్లారట. మచ్చలు పూర్తిగా కప్పబడలేదని ఆమే చెప్పారు.

తెల్లబరిచే క్రీము ప్రస్తుతం వాడుతున్నవారికి ఒక మాట. పేరూ ఊరూ లేని క్రీమైతే ఈ రోజే ఆపి, ముఖం, పాదాల వాపు ఉన్నా లేకపోయినా మూత్రంలో ప్రొటీను పరీక్ష చేయించండి. ఖరీదైన పరీక్ష కాదు. మందుల దుకాణంలో కొన్న గొట్టమైతే అందులో స్టెరాయిడ్ ఉండవచ్చు. మొమెటసోన్, బెటామెథసోన్, క్లోబెటసాల్ వంటి పేర్ల కోసం చూడండి. చర్మానికి పూసే ఇటువంటి స్టెరాయిడ్లను 2018లో వైద్యుని చీటీపైనే అమ్మవలసిన జాబితాలో చేర్చారు, అయినా అడిగితే ఇచ్చేవారున్నారు. నెలల తరబడి వాడినదానిని ఒక్కసారిగా ఆపితే ముఖం ఎర్రబడి, మండి, మొటిమలు లేచి, భయపడి మళ్లీ అదే పూస్తారు. అందువల్ల దానిని మీ అంతట మీరు ఆపక, చర్మ వైద్యుని పర్యవేక్షణలో తగ్గించుకోవాలి. ఎవరి దగ్గరకు వెళ్లినా ఆ డబ్బాను, గొట్టాన్ని వెంట తీసుకువెళ్లండి. పారవేసి వెళితే మాకు ఊహించడమే మిగులుతుంది.