ఉండల కూర యెవరిది?

మన సంఘముల వార్షికోత్సవములలో ఉపన్యాసములకంటె భోజనపు పట్టికపైననే హెచ్చు వాదములు జరుగుచుండుట అందరు ఎరిగినదే. ఉగాది విందునకు ఏమి వండవలెనను ప్రశ్న రాగానే సభ రెండు పక్షములగును. ఒక పక్షమువారు "కోఫ్తా కూర ఉత్తరాదివారిది, తెలుగువారి విస్తరిలో దానికి చోటు లేదు" అందురు. రెండవ పక్షమువారు "ఎవరిదైన నేమి? కంట్రాక్టరుకు చెప్పిన తెచ్చి వడ్డించును, మనకేల శ్రమ?" అందురు. ఈ యిరుపక్షములును విరోధులవలె కనుపించుచున్నను, నా దృష్టిలో ఒకే పొరపాటు చేయుచున్నవి. మొదటివారు వంటను వస్తుప్రదర్శనశాలలో పెట్టుచున్నారు. రెండవవారు బజారులో పెట్టుచున్నారు. వంట ఉండవలసిన చోటు వంటయిల్లు. కూరగాయల ఉండలను మసాలా పులుసులో వేసి చేయు ఈ కూరను మన యిండ్లలో, మన చేతులతో, మన మాటలతో వండుకొనవలెననియు, అట్లు చేయకపోవుటవలన మనకు కలుగు నష్టము రుచికి మాత్రమే సంబంధించినది కాదనియు నా వాదము.

మొదట శుద్ధివాదుల మాట విచారింతము. కోఫ్తా యను పదము పారసీకము. ఆ భాషలో 'కూఫ్తన్' అనగా దంచుట, దంచినది కూఫ్తా. ఆదిలో అది దంచిన మాంసపు ఉండ. కనుక పేరు మనది కాదనుట నిజమే. కాని ఉండ మనది కాదా? పప్పునో పిండినో ఉండ చేసి, ఆవిరిపై ఉడికించియో, నూనెలో వేచియో, ద్రవములో నానవేయు పద్ధతి దక్షిణాపథమునకు క్రొత్త కాదు. పశ్చిమ చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుని పేర 12వ శతాబ్దమున వెలసిన 'మానసోల్లాసము'లో క్షీరవటమను పేర నానవేసిన వడ చెప్పబడినది. నేడు తమిళుల యింట పరుప్పు ఉరుండై కుళంబు, కన్నడిగుల యింట మజ్జిగ పులుసుతో తిను నుచ్చినుండె, మరాఠీవారి యింట గోళ్యాంచీ ఆమటి, మన యింట పకోడీల పులుసు, ఆవడలు—ఇవి యన్నియు ఒకే ఆలోచనకు వేర్వేరు రూపములు. ఈ బంధువర్గములోనికి కోఫ్తా అల్లుడై వచ్చినదే గాని దొంగయై వచ్చినది కాదు.

పైగా శుద్ధివాదులకు నాదొక ప్రశ్న. మీ పులుసులో ఎండుమిరపకాయ వేయుదురా, వేయరా? మిరప అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో మన దేశము చేరిన మొక్క. టమాటా అక్కడిదే. బంగాళాదుంప అక్కడిదే. మిరపకు గుంటూరున పట్టము గట్టినవారు, ఒక ఉండను పేరుబట్టి పంక్తినుండి లేపుట ఏ ధర్మము?

ఇంకొక సంగతి మరువరాదు. మనమందరము ఎవరి వారసులము? కృష్ణదేవరాయలు తుళువ వంశపు రాజు; ఆయన రాజధాని కన్నడదేశమున ఉన్నది; ఆయన కావ్యము తెలుగు; ఆ కావ్యములోని కథ తమిళదేశపు విల్లిపుత్తూరిది. ఆ 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టు భోజనము ఋతువునుబట్టి మారుచుండును. వానకాలపు విస్తరిలో వడియములు, వరుగులు దర్శనమిచ్చును. కాలమునుబట్టి, చోటునుబట్టి, అతిథినిబట్టి మారుటయే ఆ విస్తరికి గొప్పతనము. అట్టి వారసత్వము గలవారు కలయికకు జంకనేల?

ఇక రెండవ పక్షము. వీరికి వాదముతో పనిలేదు, సౌకర్యముతోనే పని. ఫోను చేసిన గంటలో డబ్బా వచ్చును. అందులో మీగడ, జీడిపప్పు ముద్ద, పంచదార, రంగు కలిసిన పులుసు. అందు తేలు నాలుగు మెత్తని ఉండలు. మధురలో తెప్పించినను, షోలాపురములో తెప్పించినను, బరంపురములో తెప్పించినను రుచిలో భేదమేమియు కానరాదు. ఏ ఊరి నీరు, ఏ ఊరి మిరప, ఏ తల్లి చేయి అందు లేదు. వేచిన నూనె ఎన్నవసారి కాగినదో తినువారికి తెలియదు. మరల మరల కాచిన నూనెలో పుట్టు ధ్రువ సమ్మేళనములు నూటికి 25 పాళ్ళు మించినచో ఆ నూనెను వాడరాదని మన దేశపు ఆహారభద్రతా సంస్థ 2018 జూలై 1 నుండి నియమము పెట్టవలసి వచ్చినది. అట్టి నియమము అవసరమైన దనుటయే బజారు మూకుడును గూర్చి కొంత చెప్పుచున్నది. ఇంటి మూకుడునకు నియమమక్కరలేదు. గృహస్థుని కన్నే చాలును.

కాని నేను బజారును ఆక్షేపించుటకు ముఖ్యకారణము నూనె కాదు, భాష.

మన స్థితిని ఒకసారి నిదానించి చూడుడు. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు గంజాము తెలుగువారు అందు చేరిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు బళ్ళారి మైసూరు పాలయినది. మధుర, తిరునెల్వేలి, కోయంబత్తూరు ప్రాంతములవారు అంతకు శతాబ్దములకు పూర్వమే అక్కడ ఇండ్లు కట్టుకొనిరి. షోలాపురపు నేతగాండ్రు మగ్గములతోపాటు మాటను మోసికొనిపోయిరి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించవలెనని రాజ్యాంగపు 350-ఎ అధికరణము 1956లో చెప్పినది. చెప్పుట వేరు, జరుగుట వేరు. తమిళనాట 2006 నాటి చట్టమున పదవ తరగతివరకు తమిళము తప్పనిసరియైన పిదప తెలుగు పిల్లలు పడిన యిక్కట్టు మీరు ఎరుగనిది కాదు. యానాము సోదరులకు మాత్రము చుట్టును గోదావరియు తెలుగును ఉన్నవి గనుక ఈ బాధ అంతగా లేదు. తక్కిన మనకు బడి మన చేతిలో లేదు. కచేరి మన చేతిలో లేదు. వీథి మన చేతిలో లేదు. మిగిలినది ఒక్క వంటయిల్లు. దానిని కూడ డబ్బాలకు అప్పగించి, పిదప పిల్లలకు తెలుగు రాదని సభలలో కన్నీరు కార్చుట ఎంతవరకు న్యాయము?

"వంటలో భాష యేమున్నది?" అని అడుగువారు కలరు. వారికి ఈ కూరనే వండి చూపుదును.

అర కిలో లేత సొరకాయ తీసికొనవలెను. దీనిని కొందరు ఆనపకాయ అందురు. తమిళుని సురైక్కాయ్, కన్నడిగుని సోరెకాయి మన సొరకాయకు తోబుట్టువులు; ఇది పిల్లవానికి మొదటి పాఠము. చెక్కు తీసి, ముందుగా ఒక ముక్క నాలుకపై పెట్టి చూడవలెను. చేదుగా నున్నచో ఆ కాయను నిర్దాక్షిణ్యముగా పారవేయవలెను. ఆ చేదు విషము, ఉడికించినను పోదు. బాగున్న కాయను తురిమి, ఉప్పు చల్లి, పది నిమిషములు ఉంచవలెను. ఉప్పు తగులగానే తురుము నీరూరును. ఆ నీటిని గట్టిగా పిండవలెను. పారబోయక పులుసునకు దాచవలెను. పిండిన తురుములో సుమారు 100 గ్రాముల శనగపిండి, రెండు చెంచాల వరిపిండి, తరిగిన పచ్చిమిరప, అల్లము, కొత్తిమీర కలుపవలెను. చెమ్మ మిగిలినచో ఉండ నూనెలో విచ్చిపోవును. పిండి హెచ్చినచో రాయియగును. ఈ మధ్యస్థమునే మన తల్లులు 'పదును' అనిరి. ఈ మాట ఏ డబ్బాపైనను అచ్చుపడి యుండదు.

ఉసిరికాయంత ఉండలు కట్టి, ముందుగా ఒక్కదానినే నూనెలో విడిచి చూడవలెను. నూనె చాలినంత కాగనిచో ఉండ నూనె త్రాగును. మితిమీరి కాగినచో పైన మాడి లోన పచ్చిగా నుండును. నడిమి సెగపై దోరగా వేచవలెను. 'దోర' అనగా ఏమో పిల్లవానికి నిఘంటువులో చూపలేరు, మూకుడులో చూపగలరు.

పిదప పులుసు. ఆవాలు, జీలకర్ర చిటపటలాడించుటను ఒక యింట పోపు, ఒక యింట తాలింపు, మరియొక యింట తిరుగమోత అందురు. తమిళుని తాళిప్పును తాలింపును ఒక్క తల్లి బిడ్డలు. ఉల్లిపాయ ముద్ద పచ్చివాసన పోవునట్లు వేచి, అల్లము, వెల్లుల్లి, పసుపు, ధనియాలపొడి, కారము, టమాటాలు వేసి, నూనె పైకి తేలువరకు మగ్గనిచ్చి, దాచిన సొరకాయనీటిని పోసి మరగనీయవలెను. ఉండలను మాత్రము వడ్డనకు పది నిమిషములు ముందుగానే వేయవలెను. ముందుగా వేసి కుతకుత ఉడికించినచో అవి విరిగి పులుసు ముద్దకూర యగును.

ఇప్పుడు లెక్కింపుడు: తురుము, పిండు, పదును, దోర, సెగ, మగ్గు, మరుగు, తేలు, విచ్చు, విరుగు. ఒక్క కూరలో పది మాటలు. వీనిని వాచకములో చదివిన బిడ్డ పరీక్ష కాగానే మరచును. చేతితో నేర్చిన బిడ్డ ముదిమి వరకు మరువడు. ఈ పనులన్నిటికిని 'ఫ్రై చేయుట', 'మిక్స్ చేయుట' అను రెండే మాటలు చాలునని నేర్చిన యింట తెలుగు పేరునకు మాత్రమే మిగులును.

ఇరుగుపొరుగుల మేలును ఈ కూర చక్కగా స్వీకరించును. కర్ణాటకమునందలివారు బ్యాడగి మిరప వేసికొన్నచో ఎరుపు హెచ్చును, మంట హెచ్చదు. తమిళదేశమువారు కొబ్బరి నూరి వేయవచ్చును. మహారాష్ట్రమువారు వేరుసెనగలు వేచి పొడిచేసి కలుపవచ్చును. ఒడిశావారు ఆవముద్దతో బేసర చేయుదురు. మన ఆవ పెట్టిన అరటికాయ కూరకు అది దగ్గరి చుట్టమే. అచ్చటి మన కుటుంబములు అరటికాయను ఉడికించి చిదిమి, ఉండలు చేసి, ఆవ పెట్టిన పులుసులో వేసినచో ఆ కూర ఏ భాషవాని పంక్తిలోనైనను తలయెత్తుకొని నిలుచును. ఇట్టి కలయికలు మనకు అవమానము కావు; మనము ఆ నేలపై జీవించితిమనుటకు సాక్ష్యములు.

ఒక ఆక్షేపణ మాత్రము న్యాయమైనది, దానిని దాటవేయరాదు. "భాషను రక్షించు భారమంతయు స్త్రీల నెత్తిన, అందులోను పొయ్యిదగ్గరనే పెట్టుదురా?" అని మన సోదరీమణులు అడుగవచ్చును. ఉద్యోగము చేసి అలసి వచ్చిన యిల్లాలిని సంస్కృతి పేర మరల మూకుడు ముందు నిలుపుట దౌర్జన్యమే. కనుక నా వాదము స్త్రీలను ఉద్దేశించినది కాదు, యింటిని ఉద్దేశించినది. తురుముటకు తండ్రి, పిండుటకు కొడుకు, ఉండలు కట్టుటకు కూతురు, పదును చెప్పుటకు అవ్వ, పులుసు రుచి చూచుటకు తాత—ఇందరు కూడినచో అది చాకిరి కాదు, సంభాషణ. పురుషులు వేదికపై తెలుగును పొగడి, యింట పీటపై కూర్చుండి వడ్డన కొరకు ఎదురుచూచుట యిక చెల్లదు. నలభీములు మగవారే యని గొప్పగా చెప్పుకొను జాతికి తురుముపీట పట్టుటకు సిగ్గేల?

ప్రతిదినము చేయుమని నేను కోరలేదు. నెలకొక ఆదివారము చాలును. కంట్రాక్టరును సంపూర్ణముగా మానుమనియు అనుట లేదు. ఐదువందలమంది విందునకు అతడు అవసరమే. కాని ఆ విందులో ఒక్క వంటకమైనను సభ్యుల యిండ్లనుండి రావలెను. ఏ యింటివారు తెచ్చిరో, వారి యింట దానిని ఏమందురో, అందు ఏమేమి పడినవో, ఆ యింటి బిడ్డ తన చేతితో తెలుగు లిపిలో ఒక చీటిపై వ్రాసి గిన్నెముందు పెట్టవలెను. తప్పులున్నను దిద్దవలదు. అవ్వ నోట 'ఎర్రగడ్డ' అని వచ్చినచో 'ఉల్లిపాయ' అని మార్చవలదు. ఆ చీటీలన్నిటిని చేర్చి రాబోవు సంచికలో అచ్చువేసినచో, మన కుటుంబములు ఏ సీమనుండి వచ్చి ఏ సీమ మాటలను కలుపుకొన్నవో తెలుపు చరిత్రగ్రంథము తనంత తానే తయారగును. అట్టి గ్రంథమును ఏ విశ్వవిద్యాలయమును మనకు వ్రాసి పెట్టదు.

ఉండల కూర యెవరిది? పారసీకులదా, ఉత్తరాదివారిదా, మనదా? ఈ ప్రశ్నకు శాసనములలో సమాధానము వెదకనక్కరలేదు. ఎవరి యింట వండబడుచు, ఎవరి భాషలో పేరు పెట్టబడుచు, ఎవరి బిడ్డకు నేర్పబడుచున్నదో ఆ కూర వారిది. కొని తెచ్చుకొన్ననాడు ఉగాదిపచ్చడియైనను మనది కాదు. వండి నేర్పిననాడు కోఫ్తాయైనను తెలుగుదే.