కళ్లు తెరవని బుల్లి తాబేలు

కుక్కపిల్లకు ఒంట్లో బాగోలేకపోతే ఇల్లంతా తెలిసిపోతుంది. మూలుగుతుంది, గుమ్మం పక్కన ముడుచుకుని పడుకుంటుంది. పిల్లికి సుస్తీ చేస్తే పాలగిన్నె వైపు చూడదు. తాబేలు అలా కాదు. గొంతెత్తి చెప్పుకోలేదు. మామూలు రోజుల్లోనే దాని కదలిక అంతంతమాత్రం. అందుకే కళ్లు మూసుకుని ఓ మూల కూర్చుంటే 'నిద్రపోతోందిలే' అనుకుంటాం. నాలుగు రోజుల తర్వాత పిల్లాడొచ్చి "నాయనా, ఇది కళ్లే తెరవడం లేదు" అంటాడు. అప్పుడు చూస్తే రెప్పలు ఉబ్బి ఉంటాయి. పెట్టిన ఆకు పెట్టినట్టే ఉంటుంది.

ఇక్కడ అసలు చిక్కు ఒకటుంది. తాబేలు ఎక్కువగా చూపు మీదే ఆధారపడి తిండి వెతుక్కుంటుంది. కనిపించకపోతే తినదు. తినకపోతే నీరసిస్తుంది. నీరసిస్తే కన్ను ఇంకా మానదు. పెద్ద తాబేలు కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. అరచేతిలో పట్టే పిల్లకు అంత నిల్వ ఉండదు. కాబట్టి పిల్ల తాబేలు రెండు రోజులకు మించి కళ్లు తెరవకపోతే అది తాత్సారం చేసే విషయం కాదు.

ముందు ఏ తాబేలో చూడండి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా కడప దారిన వెళుతుంటే ఎడమ చేతి వైపు నల్లమల కొండలు కనిపిస్తాయి. ఇటు చేలు, అటు అడవి. ఇలాంటి చోట తాబేలు ఇంట్లోకి రావడానికి రెండు దారులు. వానలు పడ్డాక పొలం గట్టునో చెరువు పక్కనో కనిపిస్తే పిల్లల కోసం తెచ్చేవి కొన్ని. 'ఇంట్లో ఉంటే కలిసొస్తుంద'ని అక్వేరియం దుకాణంలో కొని తెచ్చేవి కొన్ని. వైద్యం మొదలుపెట్టే ముందు మీ దగ్గరున్నది ఏదో తెలియాలి.

వీపు బోర్లించిన గిన్నెలా ఎత్తుగా ఉండి, నల్లటి పెంకు మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటే అది నక్షత్ర తాబేలు. రాయలసీమ మెట్ట పొదల్లో పుట్టి పెరిగే జీవి. పూర్తిగా ఆకులలములు తినేది. ఈదడం రాదు. పెంకు బల్లపరుపుగా, మెత్తటి చర్మం కప్పినట్టుండి, వెనక కాళ్లను రెండు మడతలు మూసేస్తుంటే అది మన చెరువు తాబేలు. ఒళ్లంతా ఆకుపచ్చగా, కంటి వెనక ఎర్రటి చార ఉంటే అమెరికా నుంచి వచ్చిన రెడ్ ఇయర్డ్ స్లైడర్. దుకాణాల్లో అమ్మేది ఎక్కువగా ఇదే. ఇది నీళ్లలో ఉంటుంది, ఎండ కాచుకోవడానికి గట్టెక్కుతుంది.

కన్ను ఎందుకు మూసుకుంటుంది?

ఆరోగ్యంగా ఉన్న తాబేలు కన్ను గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది. కాస్త తడి ఉంటే కంగారు పడకండి. మన కన్నీరు ముక్కులోకి దిగడానికి సన్నటి నాళం ఉంటుంది. తాబేలుకు అది లేదు. అందుకే కన్నీరు బయటికే వస్తుంది. రెప్పలు ఉబ్బడం, అతుక్కుపోవడం, రెప్ప కింద తెల్లటి ముద్దలా కనిపించడం, ముందు కాళ్లతో కంటిని రుద్దుకోవడం... ఇవి జబ్బు గుర్తులు. తాబేలు చీము మనకు వచ్చినట్టు పలచగా ఉండదు, జున్నులా గట్టిపడుతుంది. దానంతటది కారిపోదు.

కారణాల్లో మొదట చెప్పుకోవాల్సింది తిండి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కాలేయంలో కొంత విటమిన్-ఎ నిల్వ ఉంటుంది. ఆ నిల్వ అయిపోయేదాకా ఏం పెట్టినా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తర్వాత లోపం బయటపడుతుంది. కన్నీటి గ్రంథుల లోపలి పొర మందమైపోతుంది, నాళాలు పూడుకుపోతాయి, రెప్పలు ఉబ్బుతాయి. ఎండు రొయ్యలు తప్ప మరొకటి ఎరగని స్లైడర్ పిల్లల్లో ఇది తరచూ కనిపిస్తుంది. దోసకాయ, టమాటా, అన్నం మెతుకులతో పెరిగిన మెట్ట తాబేలుకూ రావచ్చు.

రెండోది నీళ్లు. స్లైడర్ తినేదీ, విసర్జించేదీ ఆ తొట్టిలోనే. రెండు రోజులు నీళ్లు మార్చకపోతే అమ్మోనియా పేరుకుంటుంది. కళ్లు మండుతాయి. సూక్ష్మక్రిములు చేరతాయి.

మూడోది దుమ్ము. ఆళ్లగడ్డ శిల్పుల చేతిలో రాయి దేవుడవుతుంది. ఆ పని జరిగే చోట లేచే రాతి పొడి ఎంత సన్నగా ఉంటుందో ఆ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. మనం అయిదడుగుల ఎత్తు నుంచి పీల్చే గాలి వేరు, నేలకు రెండు వేళ్ల ఎత్తులో తిరిగే తాబేలు కంటికి తగిలే దుమ్ము వేరు. పెట్టె అడుగున పరిచిన ఇసుక, ఊక, రంపపు పొట్టు కూడా అంతే.

ఇక వెలుతురు. తాబేళ్ల కోసం అమ్మే అతినీలలోహిత బల్బును మరీ దగ్గరగా పెడితే కంటిపొర వాచిపోతుంది. నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోతే కళ్లు లోపలికి గుంటలు పడతాయి. ముక్కు నుంచి బుడగలు వస్తూ, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే ఊపిరితిత్తుల జబ్బు. అప్పుడు ఒక్కరోజు కూడా ఆగకూడదు.

ఇన్ని కారణాలున్నప్పుడు ఒక్క చుక్కల మందు అన్నింటినీ ఎలా నయం చేస్తుంది? కన్ను మూసుకుందంటే చాలాసార్లు తిండో, నీళ్లో, ఉంచిన చోటో సరిగ్గా లేదని అర్థం. అది సరిచేయకుండా ఎన్ని చుక్కలు వేసినా మళ్లీ మొదటికే వస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు...

మెట్ట తాబేలునైతే వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, రోజూ పదిహేను ఇరవై నిమిషాలు నిలబెట్టండి. నీళ్లు దాని గడ్డం కిందే ఉండాలి. ఒళ్లు తడుస్తుంది, దాహం తీరుతుంది, రెప్పల మీద ఎండిన పుసి మెత్తబడుతుంది. పక్కనే మనిషి ఉండాలి.

మందుల దుకాణంలో దొరికే నార్మల్ సెలైన్‌లోగానీ, కాచి చల్లార్చిన నీళ్లలోగానీ శుభ్రమైన దూది ముంచి రెప్పల మీద మెల్లగా అద్దండి. బలవంతంగా రెప్పలు విప్పొద్దు.

స్లైడర్ నీళ్లు మొత్తం మార్చండి. ఒళ్లు ఆరబెట్టుకోవడానికి తొట్టిలో ఓ రాయో ఇటుకో పెట్టండి. చలికాలం రాత్రుళ్లు రెండింటినీ చల్లటి గచ్చు మీద వదలొద్దు. ఒళ్లు చల్లబడితే దాని రోగనిరోధక శక్తీ మందగిస్తుంది.

చిన్న కాటాలో రోజూ తూచి కాగితం మీద రాయండి. బరువు తగ్గుతోందో లేదో డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి. ఏం పెడుతున్నారో, ఎక్కడ ఉంచుతున్నారో కూడా రాసుకెళ్లండి. ఫొటో తీసుకెళ్తే ఇంకా మేలు.

ఇవి మాత్రం వద్దు

కంట్లో చనుబాలు పిండడం, నందివర్ధనం పూల రసం, ఆముదం, తేనె... పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు. కానీ తాబేలు కంటికి వీటితో మేలు లేదు, చెడిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో మిగిలిన మన చుక్కల మందూ వేయొద్దు. వాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. కంటి గుడ్డు మీద పుండు ఉంటే అది మరింత ముదురుతుంది.

'విటమిన్-ఎ లోపమట కదా' అని సొంతంగా ఇంజక్షన్ చేయించడం ఇంకా ప్రమాదం. మోతాదు మించితే, ముఖ్యంగా మెట్ట తాబేలుకు, చర్మం పొరలు పొరలుగా ఊడిపోతుంది. లోపం ఉందో లేదో తేల్చాల్సింది వైద్యులే.

మన పశువుల ఆసుపత్రుల్లో ఎక్కువగా వచ్చేవి ఆవులు, గేదెలు, గొర్రెలు. తాబేలును చూసిన అనుభవం అందరికీ ఉండకపోవచ్చు. అయినా ముందు అక్కడే చూపించండి. అవసరమైతే వాళ్లే పెద్దచోటికి పంపుతారు. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాలలు ప్రొద్దుటూరులో, తిరుపతిలో ఉన్నాయి. ఆళ్లగడ్డ వాళ్లకు రెండూ కడప దారి వైపే. ఒక్క మాట... తాబేలు ఒంట్లో అన్నీ నెమ్మదే. మందు పనిచేయడానికీ వారాలు పట్టవచ్చు. మూడో రోజుకే విసుగొచ్చి మానేయకండి.

పళ్లెంలో ఏముండాలి?

మెట్ట తాబేలుకు గరిక, మందార ఆకులు, పూలు, మునగాకు, మల్బరీ ఆకు, ముళ్లు తీసిన నాగజెముడు మట్ట మంచివి. పాలకూర ఎప్పుడైనా కాస్త చాలు. సున్నం కోసం సముద్రపు నురుగు ముక్క పక్కన పెడితే కొరుక్కుంటుంది. అన్నం, రొట్టె, బిస్కెట్లు, పాలు అసలు వద్దు. స్లైడర్‌కు దాని కోసమే తయారైన గుళికలు, చిన్న చేపలతోపాటు తోటకూర, క్యారెట్ తురుము అలవాటు చేయాలి. ఉప్పు పట్టించిన ఎండు రొయ్యలు మానేయాలి.

పొద్దుటి ఎండ అన్నిటికీ మందు. అద్దాల తొట్టిని ఎండలో పెడితే మాత్రం ఉపయోగం లేదు. అవసరమైన కిరణాలను అద్దం ఆపేస్తుంది, వేడిని మాత్రం లోపల బంధిస్తుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే నంద్యాల ఎండలో అది నిమిషాల్లో ప్రాణం మీదకు తెస్తుంది. బయటే ఉంచండి, పక్కన నీడ ఉండాలి.

ముట్టుకున్న ప్రతిసారీ పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చూడ్డానికి శుభ్రంగా ఉన్న తాబేలు కూడా సాల్మొనెల్లా క్రిమిని మోయగలదు. ఈ కారణంతోనే అమెరికాలో నాలుగంగుళాల లోపు పెంకున్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు.

అది నక్షత్ర తాబేలైతే...

కన్ను సంగతి ఇంతసేపు చెప్పుకున్నాం. ఇప్పుడు కష్టమైన మాట. నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో దీన్ని మొదటి షెడ్యూలులో చేర్చారు, పులితో సమానంగా. మన చెరువు తాబేలుకూ ఆ రక్షణ ఉంది. శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా.

ఇంత కఠినం ఎందుకు? 2015లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, మన దేశంలోని ఒకే ఒక్క వ్యాపార కేంద్రం కోసం ఏడాదికి కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లను అడవి నుంచి పట్టుకుపోయారు. 2019లో సైటీస్ ఒప్పంద దేశాలు దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాయి. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో విష్ణువును కూర్మరూపంలో కొలుస్తాం. అంత భక్తి ఉన్నచోటే దాని పిల్లను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అదృష్టం వస్తుందని చూస్తున్నాం.

దొరికిన వన్యప్రాణి సంగతి 48 గంటల్లోగా అటవీ అధికారులకో, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో చెప్పాలంటుంది చట్టం. దాచుకోవడం కంటే మీరే వెళ్లి అప్పగించడం మేలు. కళ్లు బాగోలేవనీ, ఏం తిందో, ఎన్నాళ్లుగా తినడం లేదో వాళ్లకు చెప్పండి. భయపడి రాత్రికి రాత్రి పొదల్లో వదిలేయకండి. చూపు లేని పిల్ల అక్కడ బతకదు. స్లైడర్‌నైతే కుందూ నదిలోనో చెరువులోనో అసలు వదలొద్దు. ప్రపంచంలో స్థానిక జీవులకు ముప్పు తెచ్చే వంద పరాయి జాతుల జాబితాలో అదొకటి. ఆఫ్రికా సల్కాటా లాంటి విదేశీ తాబేలు ఉంటే 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

పిల్లాడు ఏడుస్తాడు, నిజమే. నాలుగు రోజులు అలుగుతాడు కూడా. పక్కన కూర్చోబెట్టుకుని సర్దిచెప్పండి. మనం దాన్ని పోగొట్టుకోవడం లేదనీ, చూపు వచ్చే చోటికి పంపుతున్నామనీ చెప్పండి. ఆకు తిననప్పుడు మొదట గమనించింది వాడే కదా... ఆ మాటా వాడికి అర్థమవుతుంది.