పరులకు వ్రాసినది, తనకై తీసినది

హిందీ చలనచిత్రములను గూర్చిన ప్రసంగమున ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ పేరు వచ్చినంతనే, రసజ్ఞులని పేరొందినవారు సైతము ఒక సిద్ధాభిప్రాయమును వల్లించుట పరిపాటియైనది. రాజ్‌కపూరునకు ఆయన వ్రాసియిచ్చిన 'ఆవారా', 'శ్రీ 420', 'బాబీ' వంటి కథలు జనహృదయములను కొల్లగొనినవి. తాను నిర్మాతయై, దర్శకుడై తీసిన చిత్రములు, ఒకటి రెండు తప్ప, ప్రేక్షకాదరమునకు నోచుకొనలేదు. కావున అబ్బాస్ గొప్ప కథకుడే గాని దర్శకుడు కాడు అని ఆ వాదము. ఇందు సత్యలేశము లేకపోలేదు. కాని ఒక మనుష్యుని యావజ్జీవ పరిశ్రమను రెండు తునకలుగా కోసి, లాభము తెచ్చినదానిని ప్రతిభ ఖాతాలోను, నష్టము తెచ్చినదానిని పొరపాటు ఖాతాలోను జమకట్టుట వర్తకునకు తగును గాని విమర్శకునకు తగదు. ఆ రెండును ఒకే జీవితమునందలి ఒకే యత్నమని నా విశ్వాసము.

అబ్బాస్ 1914లో పానిపట్టున జన్మించెను. ఉర్దూ కవితకు నూతనమార్గము చూపిన మహాకవి హాలీ సంతతివాడు. అలీగఢ్ విశ్వవిద్యాలయమున చదువు ముగించి బొంబాయి చేరి, 'బొంబాయి క్రానికల్' పత్రికలో విలేకరిగా, పిదప చలనచిత్ర విమర్శకుడుగా పనిచేసెను. ఆ పత్రికలో ఆయన ప్రారంభించిన 'లాస్ట్ పేజ్' అను శీర్షిక, అనంతరము 'బ్లిట్జ్' వారపత్రికకు తరలి, 1987లో ఆయన మరణించువఱకు, అనగా ఇంచుమించు అర్ధశతాబ్దికాలము సాగినది. వారమువారము శీర్షిక వ్రాయు శ్రమ యెట్టిదో ఎఱిగినవాడను గనుక, ఆ దీక్షను తలచినపుడు నాకు కలుగు గౌరవము మాటలకందదు. పాలకులు మారిరి, పత్రికలు మారినవి, దేశము రెండైనది. ఆ చివరి పుట మాత్రము ఖాళీ పడలేదు. అబ్బాస్ చలనచిత్రములన్నిటికిని మూలము ఆ పుటయందే యున్నది. దానిని మఱచి ఆయన సినిమాలను తూచబూనిన ప్రతి విమర్శయు పెడదారి పట్టక తప్పదు. 1941లో 'బొంబే టాకీస్' సంస్థకు ఆయన వ్రాసిన తొలి చిత్రకథ 'నయా సంసార్' సైతము పత్రికారచయితల జీవితమును గూర్చినదే. పదేండ్లకు స్వంత నిర్మాణసంస్థను స్థాపించినపుడు దానికిని ఆ పేరే పెట్టుకొనెను.

స్వాతంత్ర్యమునకు ముందటి సంవత్సరమగు 1946 ఆయన జీవితమున మఱువరానిది. చేతన్ ఆనంద్ దర్శకత్వమున వెలువడి కాన్ చలనచిత్రోత్సవమున అత్యున్నత పురస్కారమును పంచుకొనిన 'నీచా నగర్' రచనలో ఆయన చేయి కలదు. చైనా దేశమునకు వైద్యసేవకై వెళ్ళి అచటనే అసువులు బాసిన ద్వారకానాథ్ కోట్నీస్ గాథను ఆయన గ్రంథముగా వ్రాయగా, శాంతారామ్ దానిని చిత్రముగా మలచెను. ఆయన స్వయముగా దర్శకత్వము వహించిన తొలి చిత్రము 'ధర్తీ కే లాల్' కూడ ఆ ఏటిదే. మన ప్రజానాట్యమండలికి మాతృసంస్థయైన ఇప్టా ఆ చిత్రమును నిర్మించినది. 1943 నాటి బెంగాలు కఱవున ధాన్యమమ్ముకొని, పిదప భూమి కోల్పోయి, కలకత్తా కాలిబాటలపై గంజికై చేతులుచాచిన ఒక రైతుకుటుంబపు దురవస్థ అందలి వస్తువు. బలరాజ్ సాహ్ని, తృప్తి మిత్ర, శంభు మిత్ర మొదలగు రంగస్థలనటులు ప్రధానపాత్రలు ధరింపగా, కిసాన్ సభకు చెందిన రైతులు రైతులుగనే తెరపై నిలిచిరి. యువకుడగు రవిశంకర్ సంగీతము కూర్చెను. కఱవు దేవుడు పంపినది కాదనియు, గిడ్డంగులలో బియ్యముండగా మనుష్యులు చచ్చిరనియు పత్రికలో చెప్పవలసినదానిని ఆయన తెరపై చెప్పెను. తారలు, విలాసములు, కల్పిత రాజప్రాసాదములు రాజ్యమేలుచుండిన ఆ దినములలో అట్టి చిత్రమును తలపెట్టుటయే సాహసము.

'ఆవారా' పుట్టుక వృత్తాంతమందును ఆయన స్వభావము గోచరించును. ఆ కథను మొదట మెహబూబ్ ఖాన్ తీయదలచెను. తండ్రీకొడుకుల పాత్రలకు నిజజీవితమున తండ్రీకొడుకులైన పృథ్వీరాజ్, రాజ్‌కపూరులే ఉండవలెనని అబ్బాస్ పట్టుపట్టెను. మెహబూబు సమ్మతింపకపోగా కథను వెనుకకు తీసికొనెను. పిదప రాజ్‌కపూర్ దానిని అందుకొనెను. మంచివాని కొడుకు మంచివాడు, దొంగ కొడుకు దొంగ యగునని విశ్వసించు న్యాయమూర్తి, ఆ విశ్వాసముననే ఒక నిర్దోషిని దండించి, తుదకు తన కన్నకొడుకునే బోనులో చూడవలసివచ్చుట ఆ కథకు వెన్నెముక. వి. పి. సాఠేతో కలిసి కూర్చిన ఆ కథలో పాటలున్నవి, నృత్యములున్నవి, కలల దృశ్యమున్నది. అవి యన్నియు రాజ్‌కపూర్ ప్రతిభాఫలములు. కాని నేరము రక్తమున పుట్టునా, పరిసరములనుండి పుట్టునా యను ప్రశ్న మాత్రము అబ్బాసుది. మరుసటి సంవత్సరమే స్వంత సంస్థ పక్షమున తీసిన 'అన్‌హోనీ'లో నర్గీస్‌చేత రెండు పాత్రలు ధరింపజేసి, ఒకతెను గౌరవకుటుంబమునను, వేఱొకతెను వేశ్యాగృహమునను పెంచి, ఆ ప్రశ్ననే మఱల వేసెను. 1951లో 'ఆవారా', 1952లో 'అన్‌హోనీ': మొదటిది సోవియట్ దేశమున సైతము కోట్లమందిని అలరించినది, రెండవదానిని నేడు తలచువారే అరుదు. రెండింటను ఒకే ఆలోచన ప్రవహించుచున్నదని గుర్తించినవానికి 'పరులకు వ్రాసినది, తనకై తీసినది' అను విభజన నిలువదు.

దీనికంటె స్పష్టమగు జంట మఱియొకటి కలదు. 1955 నాటి 'శ్రీ 420'లో, బి.ఎ. పట్టాయు, నిజాయితీకి బహుమానముగా పొందిన పతకమును చేతబట్టుకొని బొంబాయి చేరిన రాజు, ఆ పతకమును కుదువకొట్టున పెట్టవలసివచ్చును. నూఱు రూపాయలకే ఇల్లు కట్టియిత్తుమను మోసపు పథకమున కాలిబాటలపై నిద్రించు నిరుపేదలు తమ సొమ్ము పోయుదురు. ఆ పేదల గుంపును రాజ్‌కపూర్ ఎంత సుందరముగ చూపెననగా, రాత్రివేళ వారు పాడి యాడుచుండగా కాలిబాట సైతము మనకు ఉత్సవవేదికవలె తోచును. ఎనిమిదేండ్లకు, 1963లో, అబ్బాస్ స్వయముగ తీసిన 'శహర్ ఔర్ సప్నా'లో ఆ ఉత్సవము లేదు. బ్రదుకుతెరువుకై నగరమునకు వచ్చిన యువకుడును, ఒక దిక్కులేని యువతియు, మురుగునీటికై వీథిప్రక్కన తెచ్చిపడవేసిన పెద్ద గొట్టములో కాపురము పెట్టుదురు. నిలువుగ లేచి నిలబడుటకు వీలులేని ఆ గుండ్రని గోడలమధ్య వంగి వంగి మెలగుచు వారు ఇల్లనుకొనుటయే కథ. నాయకుడుగా నటించిన దిలీప్‌రాజ్, కరీంనగరమున పుట్టి హిందీ చిత్రసీమయందు పేరుగాంచిన మన పైడి జైరాజ్ కుమారుడు. ఆ చిత్రము ఆ యేటి ఉత్తమచిత్రముగ రాష్ట్రపతి స్వర్ణపతకమును పొందినది. నానా పల్సీకర్ దానియందలి నటనకే ఫిల్మ్‌ఫేర్ పురస్కారమందుకొనెను. కాలిబాటపై నిద్రించువాని దుఃఖమును పాటగా మలచి మనచేత ప్రేమింపజేసినవాడు రాజ్‌కపూర్. పాటను తీసివేసినపిదప ఆ దుఃఖమెట్లుండునో చూపినవాడు అబ్బాస్. మొదటిదానిని నేను మిక్కిలి ప్రేమింతును; రెండవదానిని ఎక్కువగ నమ్ముదును.

ఇట్లనుటచేత ఆయన చిత్రములందలి లోపములకు నేను కన్నులు మూసికొనుట లేదు. శీర్షికారచయితకు ఒక అలవాటు కలదు: చెప్పదలచినది పాఠకునకు అందలేదేమోనను శంకతో మఱియొక వాక్యము వ్రాయుట. అబ్బాస్ చిత్రములలో ఆ మఱియొక వాక్యము తఱచు వినబడును. పాత్ర కన్నులతో చెప్పినదానిని నోటితో మఱల చెప్పించును. పనివాడు పనివానివలె గాక కార్మికవర్గ ప్రతినిధివలె మాటాడును. 'చార్ దిల్ చార్ రాహేఁ'లో మేటి తారలు గుమిగూడియు కథలు కూడలిలో కలియుట యాంత్రికముగ నుండును. కాని ముల్క్‌రాజ్ ఆనంద్ నవల ఆధారముగ అస్సాము తేయాకు తోటల కూలీల గాథను 'రాహీ'గా తీసిన ధైర్యమును, ఒక్క పాటయైన లేకుండ 1954లో 'మున్నా' తీసిన ధైర్యమును గణింపక లోపములు మాత్రమే లెక్కించువాని విమర్శ ఏపాటిది?

1969లో వెలువడిన 'సాత్ హిందుస్తానీ'ని నేడు ప్రతివారును అమితాబ్ బచ్చన్ తొలి చిత్రముగనే స్మరింతురు. అంతకంటె విశేషము ఆ పాత్రల కూర్పునందున్నది. పోర్చుగీసువారి పాలనలోనున్న గోవాలోనికి చొరబడి మూడు రంగుల జెండా నెగురవేయు సత్యాగ్రహులు దేశపు నలుమూలలవారు. అబ్బాస్ బుద్ధిపూర్వకముగ ఏ ప్రాంతపు నటునకును ఆ ప్రాంతపు పాత్ర నీయలేదు. బెంగాలీయగు ఉత్పల్ దత్తును పంజాబీ రైతుగను, మలయాళీయగు మధును బెంగాలీగను, అలహాబాదువాడగు అమితాబును బీహారు ముస్లిముకవిగను నిలిపెను. ఒక్కొక్క నటుడు తనది కాని ప్రాంతపు నడకను, పలుకును అభ్యసింపవలసివచ్చినది. దేశసమైక్యమును గూర్చి ఉపన్యసించు చిత్రములు మనకు వేలకొలది కలవు గాని, దానిని నటవర్గముచేతనే ఆచరింపజేసిన దర్శకుని నేను వేఱొకని నెఱుగను.

ఈ జీవితచరిత్రలో అత్యంతప్రధానమని నేను భావించు ఘట్టము ఏ చిత్రశాలయందును కాక, సర్వోన్నత న్యాయస్థానమునందు జరిగినది. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ నగరములలోని వైభవమును, దైన్యమును ప్రక్కప్రక్కన చూపుచు అబ్బాస్ 16 నిమిషముల డాక్యుమెంటరీ చిత్రమొకటి తీసెను. అందు బొంబాయి వేశ్యావాటిక దృశ్యము కొంత కలదు. సెన్సార్ మండలివారు మొదట పెద్దలకు మాత్రమే యను పత్రమిచ్చిరి. పిదప అప్పీలుపై ప్రభుత్వమువారు కొన్ని దృశ్యములను తొలగించినగాని అందఱును చూడదగిన పత్రమీయమనిరి. ఆయన న్యాయస్థానమునకెక్కగా, ప్రభుత్వము వెనుదగ్గి కోతలు లేకుండనే పత్రమిత్తుమనినది. మఱియొకడైనచో విజయము దక్కినదని ఇల్లు చేరియుండును. అబ్బాస్ తన అర్జీని సవరించుకొని, నా చిత్రమొక్కటి బయటపడిన చాలదు, ప్రదర్శనకు ముందే పరీక్షించు ఈ పద్ధతియే రాజ్యాంగసమ్మతమా యని ప్రశ్నించెను. 1970 సెప్టెంబరు 24న ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా వెలువరించిన తీర్పున ముందస్తు పరీక్ష చెల్లునని నిర్ణయింపబడినది. ఆ అంశమున ఆయన ఓడిపోయెను. కాని లైంగికవిషయ ప్రస్తావన యంతయు అశ్లీలము కాదనియు, సమాజమునందలి చెడుగును కళాకారుడు చూపుటకు చోటుండవలెననియు, సెన్సార్ నిర్ణయమునకు కాలపరిమితియు, దానిపై అప్పీలునకు ప్రభుత్వముగాక వేఱొక న్యాయాధికారియు అవసరమనియు ఆ తీర్పే చెప్పినది. ఆ తీర్పు వేసిన బాటననే చట్టము సవరింపబడి, 1983లో చలనచిత్ర అప్పీలు మండలి ఏర్పడినది.

ఆ మండలిని 2021లో రద్దుచేసిరి. ఇపుడు సెన్సార్ నిర్ణయము అన్యాయమని తలచిన దర్శకుడు నేరుగ ఉన్నత న్యాయస్థానమునకే వెళ్ళవలెను. కోట్లు వెచ్చించి చిత్రము తీయు సంస్థకు అది భారము కాకపోవచ్చును. న్యాయవాదులు దానికి సిద్ధముగనే యుందురు. అబ్బాస్ వలె సొంత సంపాదనతో పదునాఱు నిమిషముల చిత్రము తీయు యువకుడు, వాయిదాలకును, వకీళ్ళకును సొమ్ము ఎచటనుండి తెచ్చును? ఆయనను గూర్చి శతజయంతి సభలలో సంస్మరణోపన్యాసములిచ్చిన చిత్రపరిశ్రమ పెద్దలు, ఆయన వ్యాజ్యమువలన సమకూడిన ఆ మండలిని పునరుద్ధరింపుడని ప్రభుత్వమును ఏకకంఠముతో అడుగవలెనని నేను కోరుచున్నాను.