చెవిన పెట్టాల్సిన మాట

బంటింగ్ చుట్టుపక్కల పామాయిల్ మిల్లుల్లోనో, ఫ్యాక్టరీల్లోనో షిఫ్టు దిగొచ్చి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మనవాళ్లలో కొందరు 'గట్టిగా చెప్పు, వినబడ్డంలేదు' అంటుంటారు. సిగ్నల్ బాగోలేదేమోనని అవతలివాళ్లు సరిపెట్టుకుంటారు. ఒక్కోసారి తప్పు చెవిది.

న్యూయార్క్‌లో శామ్యూల్ రోజెన్ (1897-1981) అనే చెవి సర్జన్ ఉండేవారు. పెన్సిలిన్ రాకముందు ఆ వృత్తిలోవాళ్ల పని ఎక్కువగా చీముతోనే. మధ్యచెవిలో పట్టిన చీము వెనక ఎముకలోకి పాకితే తొలిచి తీయాలి, లేకుంటే మెదడుకెక్కి ప్రాణం పోయేది. మందులొచ్చి ఆ బాధ తగ్గాక ఆయన దృష్టి మరో జబ్బు మీదికి మళ్లింది. చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో చదివిన అంకవన్నె గుర్తుందా? గుర్రపు రికాబులా ఉంటుంది, ఒంట్లోకెల్లా చిన్న ఎముక. కొందరిలో అది బిగిసిపోయి చెవుడొస్తుంది. అప్పట్లో లోపలి చెవికి కొత్త కిటికీ తొలిచి శబ్దానికి దారి చేసేవారు. 1952లో అలాంటి ఆపరేషన్‌కు ముందు ఎముక నిజంగా బిగిసిందా అని రోజెన్ కదిపి చూశారు. అది కాస్తా వదులైంది. మెలకువగానే ఉన్న రోగికి బల్ల మీదే మాటలు వినబడ్డాయి.

అదృష్టమని ఊరుకోకుండా ఆయన దాన్నే ఆపరేషన్‌గా మలిచి, దేశదేశాలు తిరిగి సర్జన్లకు నేర్పారు. చాలామందిలో ఎముక మళ్లీ బిగిసేది. 1956లో జాన్ షే ఆ ఎముకను తీసి కృత్రిమమైనది పెట్టే పద్ధతి తెచ్చాక రోజెన్ పద్ధతి వెనకబడింది.

మాకు మాత్రం ఆయన ఆ తర్వాత చేసిన పనే ఎక్కువ నచ్చింది. సూడాన్‌లో యంత్రాల మోత తెలియని మబాన్ తెగవాళ్ల చెవులు పరీక్షించి 1962లో ఫలితాలు ప్రచురించారు. అక్కడి ముసలివాళ్ల వినికిడి అమెరికా నగరాల్లో అదే వయసువాళ్ల కంటే చాలా మెరుగ్గా ఉంది. తిండి, రక్తపోటు తేడాలూ కారణం కావచ్చు. కానీ మోత చేసే చేటు మీద తర్వాత అనుమానం మిగల్లేదు.

ఇక్కడే మనం గమనించాల్సింది ఉంది. కర్ణభేరికి చిల్లుపడితే అతుకు వేస్తారు, ఎముక బిగిస్తే మారుస్తారు. మోతకు లోపలి చెవిలోని సన్నని రోమకణాలు చచ్చిపోతే వాటిని బతికించే ఆపరేషన్ ఇప్పటికీ లేదు. నొప్పి లేకుండా, ఏళ్ల తరబడి, నెమ్మదిగా పోతుంది. చెవిలో గుయ్యిమనే శబ్దం మొదలైతే అది తొలి హెచ్చరిక కావచ్చు.

మలేసియాలో 1989 నాటి నిబంధన రోజంతటికీ 90 డెసిబెల్స్ దాకా ఒప్పుకునేది. 2019 జూన్ నుంచి పరిమితి 85కు దిగింది. అంతే కదా అనుకోవద్దు. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. పరిమితి దాటే చోట చెవి రక్షణ సామగ్రి ఇవ్వడం, వినికిడి పరీక్ష చేయించడం యజమాని బాధ్యత. మీ జేబులోంచి కొనక్కర్లేదు. పరీక్ష ఫలితం ఏమిటో అడిగి తెలుసుకోండి. 2019 జనవరి నుంచి విదేశీ కార్మికులూ పెర్కేసో రక్షణలోకి వచ్చారు. పనివల్ల వచ్చే చెవుడు కూడా అందులో వృత్తివ్యాధే.

ఉక్కపోతలో ప్లగ్ పెట్టుకోవడం చిరాకే, కాదనం. 'అడిగితే పర్మిట్ రెన్యువల్ చేయరేమో' అనే భయమూ ఉత్తిది కాదు. అందుకే ఒక్కరు అడిగేకంటే షిఫ్టులో పదిమందీ కలిసి సూపర్‌వైజర్‌ని అడగడం మేలంటాం. నురగ ప్లగ్గయితే వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి దూర్చి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. పైపైన తగిలిస్తే పెట్టనట్టే.

చీము కారే చెవిలో మాత్రం ప్లగ్ పెట్టొద్దు, పైనుంచి కప్పే మఫ్ అడగండి. నూనె పోయడం, అగ్గిపుల్ల తిప్పడం మానండి. చీముతో పాటు తల తిరిగినా, మూతి వంకరపోయినా ఆదివారం దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఫీజు విదేశీయులకు ఎక్కువే. అయినా వెళ్లండి.